యల్లాప్రగడ సుబ్బారావు – బంగారు బూజు

తొలకరి చినుకులు పడగానే జహీరాబాదు చుట్టునున్న ఎఱ్ఱనేలల నుండి కమ్మని మట్టివాసన లేచును. ఆ వాసన నిజమునకు మట్టిది కాదు. బూజువలె సన్నని దారములుగా అల్లుకొని మన్నులో బ్రతుకు ఒక తెగ సూక్ష్మజీవులు పుట్టించు పదార్థమే దానికి మూలము. కంటికి కానరాని ఆ తెగయే మానవునకు గొప్ప ఔషధములను కొన్నింటిని ప్రసాదించినది. అందు బంగారువన్నె గల ఒక జాతిని పట్టి, దాని నుండి మందు తీసిన పరిశోధనాలయమునకు నాయకుడు ఒక ఆంధ్రుడు. ఆ మందు రోగుల మంచముల కడ నుండి పందుల దాణాతొట్ల వఱకు ప్రయాణము చేసినది. అచట జరిగిన కథ తెలియవలెనన్నచో ముందుగా ఆ ఆంధ్రుని జీవితమును తెలిసికొనవలెను.

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. సంతానము అధికము, రాబడి స్వల్పము. రాజమహేంద్రవరమున చదువుచుండిన కాలమున బాలునకు పుస్తకములపై మనసు నిలువలేదు. పదుమూడేండ్ల ప్రాయమున, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని తలచి ఇల్లు విడిచి పాఱిపోయెను. ఇంటివారు వెదకి వెనుకకు తెచ్చిరి. వెంకమ్మ పట్టుదల గల ఇల్లాలు. కుమారుడు ఎట్లయినను చదువవలసినదే యని ఆమె నిశ్చయించెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమాఱులు తప్పి, మూడవమాఱు మద్రాసు హిందూ హైస్కూలు నుండి అతడు ఉత్తీర్ణుడయ్యెను. మున్ముందు జగద్విఖ్యాతి పొందబోవు శాస్త్రజ్ఞుని చదువు ఇట్లు తడబడుచు ఆరంభమయ్యెను.

ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిన పిమ్మట అతని చిత్తము రామకృష్ణ మఠము వైపు తిరిగెను. సన్న్యసింపవలెనని కోరెను. తల్లి అంగీకరింపలేదు. తల్లి అనుమతి లేనిదే మఠమువారును చేర్చుకొనలేదు. వైద్యము నేర్చి ప్రజాసేవ చేయుట మేలని వారు హితము చెప్పిరి. ఆ మాట నచ్చి సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించెను. ఖర్చులకు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి తోడ్పడెను. ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావునకు 1919వ సంవత్సరమున వివాహమయ్యెను. అవి స్వాతంత్ర్యోద్యమము విజృంభించుచున్న దినములు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు ధరించి శస్త్రవైద్యశాలకు పోయెను. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది కంటకమైనది. పరీక్షలలో చక్కగా వ్రాసినను అతనికి పూర్తి పట్టము దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను.

ఆ కాలముననే ఆ కుటుంబముపై పిడుగు పడెను. సుబ్బారావు సోదరు లిరువురు కొలది దినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధికి బలియైరి. ఇది ఉష్ణదేశములలో కనబడు ఒక విధమైన గ్రహణి. తిన్న ఆహారము వంటబట్టదు. ఎడతెగని విరేచనములతో దేహము శుష్కించును, రక్తము క్షీణించును. తరువాత సుబ్బారావును కూడ ఆ వ్యాధి పీడించెను. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యుడగు ఆచంట లక్ష్మీపతి చికిత్సచే అతడు బ్రతికి బయటపడెను. పిమ్మట లక్ష్మీపతి నడపుచున్న మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రము బోధించెను. అన్నదమ్ములను పొట్టన పెట్టుకొన్న రోగమునకు మందు కనుగొనవలెనను కోరిక అతని హృదయమున నాటుకొనెను. అందులకు తగిన పరిశోధనశాలలు ఆనాడు మన దేశమున లేవు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారును, మామగారును ధనసహాయము చేయగా, అతడు 1923వ సంవత్సరమున అమెరికాకు పయనమయ్యెను. మూడేండ్లలో తిరిగివత్తునని భార్యకు చెప్పి ఓడ యెక్కెను. ఆమె మఱల అతనిని చూడలేదు. అతడు పోయిన పిదప పుట్టిన కుమారుడు శైశవముననే కన్నుమూసెను.

బోస్టను నగరమున చేరినపుడు అతనికి తెలిసినవారు లేరు, చేతిలో పైకము లేదు. ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడుగు కొలువు చేయుచు, పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల శాస్త్రము చదివెను. రోగి నుండి రోగికి జబ్బు ఏయే మార్గములలో వ్యాపించునో పుస్తకములు చెప్పకపోయినను ఆ కొలువు చెప్పియుండును. పట్టము పొందిన తరువాత సైరస్ ఫిస్కే అను ఆచార్యుని వద్ద జీవరసాయనశాస్త్రమున చేరెను. రక్తములో భాస్వరము ఎంత కలదో సులువుగా కొలుచు విధానమును వారిరువురు 1925లో ప్రకటించిరి. అది నేటికిని వారి పేరుతోనే చెల్లుచున్నది. కండరములకు శక్తి నిచ్చు పదార్థములను గూర్చి వారు సాధించిన విజయములు శరీరశాస్త్రమునే మలుపు త్రిప్పినవి. 1930లో సుబ్బారావు డాక్టరేటు పొందెను. కాని హార్వర్డువారు అతనికి స్థిరమైన పదవి నీయలేదు. ఇతరుల వలె తన పనిని తాను చాటుకొను అలవాటు అతనికి లేకపోవుట అందులకు కొంత కారణము కావచ్చును.

1940లో అతడు న్యూయార్కు రాష్ట్రమందలి పెరల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ఔషధ పరిశోధనాలయమునకు పోయెను. అనతికాలములోనే అచటి పరిశోధనలకు అధిపతి యయ్యెను. అచట అతని చిరకాలవాంఛ నెఱవేఱెను. కార్జములోను ఆకుకూరలలోను అత్యల్పముగా నుండు ఫోలిక్ ఆమ్లము అను విటమినును 1945లో అతని బృందము కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగులకు దానిని ఈయగా వారి రక్తము వృద్ధినొందెను. బోదకాలునకు కారణమైన క్రిములను చంపు హెట్రజాన్ అను మందును ఆ పరిశోధనాలయము నుండియే వెలువడెను. గోదావరి మండలమున బోదకాలు ఎఱుగని గ్రామము లేని దినములవి.

అది యుద్ధకాలము. పెన్సిలిన్ మహిమ లోకమునకు తెలిసినది. అయితే అది కొన్ని తెగల సూక్ష్మజీవులను మాత్రమే చంపును. ప్రేగులలో నివసించుచు విరేచనములు కలిగించు పెక్కు జీవులపై దానికి పట్టు లేదు. అన్నింటిపై పనిచేయు మందు మన్నులో దొరకవచ్చునని సుబ్బారావు తలచెను. పలుచోట్ల నుండి మట్టి తెప్పించి పరీక్షించు పనికి బెంజమిన్ డగ్గర్ అను వృద్ధుని నియమించెను. డగ్గర్ వృక్షశాస్త్రాచార్యుడు. వయసు డెబ్బది దాటినదని విశ్వవిద్యాలయము ఆయనకు విశ్రాంతి నిచ్చియుండెను. మిస్సోరి విశ్వవిద్యాలయపు ప్రయోగక్షేత్రమున, ఏండ్ల తరబడి ఎరువు వేయక గడ్డి మాత్రమే పెంచిన ఒక మడి నుండి చిటికెడు మన్ను వచ్చినది. అందు 1945లో డగ్గర్‌కు బంగారువన్నె సూక్ష్మజీవి కానవచ్చెను. దాని నుండి తీసిన పసుపుపచ్చని మందునకు ఆరియోమైసిన్ అని పేరిడిరి. బంగారు బూజు నుండి పుట్టినదని ఆ పేరునకు అర్థము. పెన్సిలినుకు లొంగని రోగములు పెక్కు దీనికి లొంగినవి. 1948 జూలైలో న్యూయార్కు నగరమున జరిగిన విద్వత్సభలో దానిని లోకమునకు ప్రకటించిరి.

మఱుసటి నెలలోనే, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలో గుండె ఆగి మరణించెను. వయసు 53 సంవత్సరములు. అప్పటికి అమెరికా పౌరసత్వము పొందుటకు చట్టము వీలు కల్పించినను ఆయన భారతీయుడుగనే కన్నుమూసెను. స్ప్రూ వ్యాధిలో ప్రేగులయందు హానికరమైన సూక్ష్మజీవులు పెచ్చు పెరిగియుండునని తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నేడు ఆ వ్యాధికి వైద్యులు రెండు మందులను కలిపి ఇత్తురు. ఒకటి ఫోలిక్ ఆమ్లము. రెండవది టెట్రాసైక్లిన్, అనగా ఆరియోమైసిన్ అణువు నుండి క్లోరినును తొలగించి చేసిన మందు. సోదరులను హరించిన జబ్బునకు కావలసిన మందులు రెండును ఆయన పరిశోధనాలయపు పనితో ముడిపడినవే. రెండవదాని సంగతి తెలియకయే ఆయన వెడలిపోయెను.

ఇక పందుల కథ. ఆరియోమైసినును పెద్ద తొట్లలో పులియబెట్టి తీయుదురు. మందు తీసివేసిన పిమ్మట అడుగున పిప్పి మిగులును. ఆ పిప్పిలో బి12 విటమిను ఉండునని, కోళ్ళకు మేతగా పనికివచ్చునని పరిశోధనాలయమందలి పోషణశాస్త్రజ్ఞులకు తోచెను. వారిలో ముఖ్యులు థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనువారు. స్టోక్‌స్టాడ్ ఫోలిక్ ఆమ్లపు పరిశోధనలో సుబ్బారావునకు తోడ్పడినవాడు. 1948 క్రిస్టమస్ పండుగనాడు అందఱును ఇండ్లకు పోగా జూక్స్ ఒంటరిగా కోడిపిల్లలను తూచెను. పిప్పి తిన్న పిల్లలు తక్కినవాటి కంటె బరువెక్కియుండెను. బి12 మాత్రమే కారణమైనచో అంత పెరుగుదల రాదు. పిప్పిలో కొలదిగా మిగిలిన ఆరియోమైసినే దానికి హేతువని క్రమముగా తేలెను.

ఆ మేతను పందులకు పెట్టిచూచిన చోట ఫలము మఱింత ఆశ్చర్యము గొలిపెను. తల్లిపాలు మానిన పందిపిల్లకు ఆ వారములు గండము వంటివి. పాల రక్షణ పోవును, క్రొత్త దాణా సరిపడదు, దొడ్డిలోని మలము నుండి ఎషరీషియా కోలై, సాల్మొనెల్లా మొదలగు సూక్ష్మజీవులు కడుపులో చేరును. విరేచనములతో పిల్లలు నీరసించి చచ్చును, బ్రతికినవి గిడసబారును. టన్ను దాణాలో కొలది గ్రాముల ఆరియోమైసిన్ కలిపినంత మాత్రముననే ఆ గిడసపిల్లలు కోలుకొని తక్కినవాటితో సమముగా పెరిగినవి. 1950లో ఈ వార్త పత్రికల కెక్కెను. 1951లో అమెరికా ప్రభుత్వము, పశువైద్యుని చీటీ అక్కఱలేకయే ఇట్టి మందులను దాణాలో కలుపుకొనవచ్చునని అనుమతించెను. పెంపకందార్లు సంతోషించిరి. చవకగా దొరకు పిడికెడు పొడి దొడ్డి కడుగు కూలికంటె తక్కువ ఖర్చులో తేలునపుడు ఎవరు మాత్రము సంతోషింపరు?

ఇంగ్లండులోని రెడింగు పట్టణమున మేరీ కోట్స్ మొదలగు శాస్త్రజ్ఞులు ఈ కాలముననే ఒక చిన్న ప్రయోగము చేసిరి. అంతకుముందు ఎన్నడును కోళ్ళుండని క్రొత్త గదులలో కొన్ని పిల్లలను, ఎన్నో పర్యాయములు కోళ్ళను పెంచిన పాత గదులలో కొన్ని పిల్లలను ఉంచిరి. పాత గదులలో మందు కలిపిన మేత పెరుగుదలను హెచ్చించెను. క్రొత్త గదులలోని పిల్లలు మందు లేకయే అంత బాగుగ పెరిగెను. మందు వేసినను వాటికి అదనముగా కలిగిన లాభము లేదు. అనగా మందు చేసిన మేలు ఆ గదులలోని మాలిన్యమునకు కొలత. ఈ ప్రయోగము దొరతనములకు గాని పెంపకందార్లకు గాని ఆనాడు అంతగా పట్టలేదు. ఈ కథలో అన్నింటికంటె విచారింపదగిన విషయ మిదియే.

మందు మాత్రము తన పని తాను చేసికొనిపోవుచుండెను. ప్రేగులలోని కొన్ని సూక్ష్మజీవులు అనుకూల పరిస్థితిలో అరగంటలోపలనే ఒకటి రెండగును. దినదినము కొద్దికొద్దిగా మందు సోకిన చోట దుర్బలమైనవి చచ్చును, ఓర్వగలిగినవి మిగులును, మిగిలినవే సంతతి పెంచును. అంతేకాదు. ఒక జాతి జీవి తాను నేర్చిన ఓర్పును ఉంగరము వంటి చిన్న జన్యుఖండముగా మఱియొక జాతి జీవికి అందీయగలదని 1959లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కావున పంది కడుపున పుట్టిన ఓర్పు పంది కడుపుననే ఆగవలసిన పని లేదు.

సుబ్బారావు యౌవనము గడచిన బోస్టను నగరముననే స్టువర్ట్ లెవీ అను వైద్యుడు దీనిని కన్నులకు కట్టించెను. ఒక పొలమునందలి కోడిపిల్లలలో కొన్నింటికి టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు కలిపిన మేతను, కొన్నింటికి మామూలు మేతను పెట్టించెను. ఒక వారములోపలనే మందు తిన్న కోళ్ళ ప్రేగులలోని సూక్ష్మజీవులు మందునకు లొంగనివైనవి. ఆఱుమాసములు గడచునప్పటికి, ఆ మందు నోట వేసికొనని ఆ ఇంటివారి ప్రేగులలో కూడ లొంగని జీవులు హెచ్చెను. 1976లో లెవీ ఈ సంగతిని ప్రకటించెను. చేతులు, బూట్లు, బాల్చీలు, ఈగలు, దుమ్ము: జీవి ప్రయాణించుటకు బండి వేఱుగ అక్కఱలేదు.

దేశములు ఒక్కొక్కటిగా మేల్కొన్నవి. 1969లో ఇంగ్లండులో స్వాన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము, మనుష్యులకు వాడు మందులను పెరుగుదల కొఱకు దాణాలో కలుపరాదని నివేదించెను. డెన్మార్కులో మనుష్యులకంటె పందులే హెచ్చు. ఆ దేశము 1998, 1999 సంవత్సరములలో పెరుగుదల మందులను పందులకు మాన్పించెను. మొదట పాలు మానిన పిల్లలలో విరేచనములు హెచ్చినవి, పెంపకందార్లు కలవరపడిరి. పిమ్మట వారు దొడ్లను మార్చుకొనిరి. పిల్లలను తల్లి నుండి వేరుచేయు దినములను పొడిగించిరి. ఒక ఈడు పిల్లలనన్నింటిని ఒకేమాఱు ఒక గదిలో చేర్చి, ఒకేమాఱు ఖాళీచేసి, కడిగి, క్రిమిసంహారక ద్రవము చల్లి, ఆరబెట్టిన పిమ్మటనే మఱియొక మందను చేర్చిరి. ఆ దేశపు పందుల ఉత్పత్తి తగ్గలేదు. ఐరోపా సమాఖ్య అంతటను 2006 జనవరి 1 నుండి ఇట్టి మందులు నిషిద్ధములైనవి. అమెరికాలో వైద్యులకు ముఖ్యమైన మందులను పెరుగుదల కొఱకు వాడుట 2017లో ఆగెను. మన దేశమున కొలిస్టిన్ అను మందును పశువులకు, కోళ్ళకు వాడరాదని కేంద్రప్రభుత్వము 2019లో ఆజ్ఞ జారీచేసెను.

దొడ్డిని జబ్బు నుండి కాపాడు ఈ పద్ధతికి నేడు జీవభద్రత అని పేరు. అందులకు గొప్ప పరిశోధనాలయ మక్కఱలేదు. జహీరాబాదులోనైనను, భీమవరములోనైనను చేతికందు వస్తువులతో చేయదగిన పనులే అందు హెచ్చు. క్రొత్తగా కొన్న పందిని మందలో కలుపక నెల దినములు దూరముగా కట్టివేయుట, దొడ్డిలోనికి పోవువారు చెప్పులు మార్చి, క్రిమిసంహారక ద్రవముగల తొట్టిలో అడుగుపెట్టి పోవుట, చుట్టును కంచె వేయుట, దాణాను ఎలుకలు చేరకుండ కాపాడుట, హోటళ్ళ ఎంగిలిని ఉడికింపక పెట్టకుండుట అట్టివి. మలము అంటియుండగా ఎంత మంచి ద్రవము చల్లినను వ్యర్థము. ముందు పాఱతో గీకి, నీటితో కడిగి, ఆరనిచ్చి పిమ్మట చల్లవలెను. ఎండిన మలములో సాల్మొనెల్లా నెలల తరబడి బ్రతికియుండును. 2020లో ఈశాన్య రాష్ట్రములలో ప్రవేశించి వేలకొలది పందులను చంపిన ఆఫ్రికా పందిజ్వరము వైరస్ వలన కలుగునది. దానిపై ఆరియోమైసిన్ గాని దాని సంతతి గాని పనిచేయవు. కంచెయు, తొట్టియు, దూరమును మాత్రమే పనిచేయును.

ఇంత చెప్పినను బంగారు బూజు మందును నిందించుట న్యాయము కాదు. జబ్బుపడిన పందికి పశువైద్యుడు తగిన మోతాదున ఇచ్చినపుడు అది నేటికిని ప్రాణదాతయే. సుబ్బారావు దానిని రోగుల కొఱకు వెదకించెను. పిప్పి దాణాగా మారుట ఆయన చూడలేదు. చూచినచో ఏమి తలచియుండునో ఊహింపవలసినదే. మలపాత్రలు కడిగి పొట్ట పోసికొన్న రాత్రులను మఱచినవాడు మాత్రము కాడు.

ఆయన జీవించియుండగా మన దేశమున ఆయనను ఎఱిగినవారు కొలదిమంది. శతజయంతి సంవత్సరమైన 1995లో భారతప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ళ వెలువరించెను. దానికి చాలకాలము ముందే, 1953లో, లెడర్లీ పరిశోధనాలయమున పనిచేసిన హెసెల్టైన్ అను శాస్త్రజ్ఞుడు క్రొత్తగా కనుగొన్న ఒక బూజు జాతికి ఆయన స్మృత్యర్థము సుబ్బారోమైసిస్ అని పేరుంచెను. అది బంగారు బూజు వలె మందునిచ్చునది కాదు. నగరపు మురుగునీటిని శుద్ధిచేయు కట్టడములలో, నీరు జాలువాఱు రాళ్ళ పొరలమీద పెరుగునది.